పాము నోటిలోని సూక్ష్మజీవులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

   

ఒక గ్రామము తన గ్రంథాలయమును 25 సంవత్సరములు నిలుపుకొనుట సామాన్యమైన సంగతి కాదు. గుడికి మాన్యములుండును, బడికి ప్రభుత్వముండును. గ్రంథాలయమునకు చదువరులు తప్ప వేరు దిక్కు లేదు. ఆ చదువరులైన మీ యెదుట నాలుగు మాటలు చెప్పు అవకాశము నాకు లభించినందులకు కృతజ్ఞుడను.

నేను జంతుశాస్త్రమును బోధించి విశ్రాంతి తీసికొనుచున్న ఉపాధ్యాయుడను. పాము నోటిలోని సూక్ష్మజీవులను గూర్చి మాటలాడెదనని వ్రాసినప్పుడు కార్యదర్శిగారు కొంత ఆశ్చర్యపడిరి. పండుగనాడు పాముల మాట యెందుకని మీలో కొందరికిని తోచియుండవచ్చును. కాని ఈ సభ ముగియగానే మీలో సగముమంది చేని గట్లవెంట, గడ్డివాముల ప్రక్కగా ఇండ్లకు పోవలసినవారే. మన దేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటువలన మరణించినవారు సుమారు 12 లక్షలమంది యని పరిశోధకులు లెక్కకట్టిరి. అనగా సంవత్సరమునకు సగటున 58,000 మంది. ఈ మరణములు ఎక్కువగా జరిగిన రాష్ట్రముల వరుసలో మన తెలుగునాడు కూడ ఉన్నది. కావున ఇది మన యింటి ముచ్చటయే.

మొదట మా యింటి కథ యొకటి చెప్పెదను. నా చిన్ననాట మా చిన్నాన్నగారిని వరిచేని గట్టుమీద రక్తపింజర కరచినది. కేక విని నలుగురు చేరిరి. ఒకరు మోకాలి క్రింద పైగుడ్డతో బిగించి కట్టిరి. ఒకరు గడ్డము గీచుకొను బ్లేడుతో కాటుమీద నిలువుగాను అడ్డముగాను కోసిరి. మరియొకరు నోటితో రక్తమును పీల్చి ఉమిసిరి. పిదప ఏదో ఆకు నూరి ఆ ముద్దను గాయమునకు పట్టించిరి. ఇదంతయు ప్రేమతో చేసిన పనియే. బండి కట్టి పట్టణపు ఆసుపత్రికి చేర్చునప్పటికి ప్రొద్దు వాలినది. అక్కడ విషమునకు విరుగుడు మందు ఎక్కించిరి. మూడవనాటికి ప్రాణభయము లేదని వైద్యులు చెప్పగా ఇంటిల్లిపాదిమి దేవునికి కొబ్బరికాయ కొట్టితిమి. కాని ఆరవనాడు జ్వరము వచ్చినది. పాదము నల్లబడి, దుర్గంధము వేసి, చీము కారజొచ్చినది. తుదకు రెండు వ్రేళ్లు తీసివేయవలసివచ్చినది. చిన్నాన్నగారు ఆ తరువాత చాలకాలము బ్రదికిరి. ఎవరైన ఆ కాలిని గూర్చి అడిగినచో, "పాము కొంచెమే కరిచిందిరా, మనవాళ్లే ఎక్కువ కరిచారు" అని నవ్వెడివారు.

ఆ నవ్వులోని సత్యము పెద్దవాడనై శాస్త్రము చదివిన పిమ్మట గాని నాకు బోధపడలేదు. విషము విరిగినది గదా, మరి ఆ వ్రేళ్లను తినినదెవరు? ఈ ప్రశ్నకు సమాధానమే నేటి నా యుపన్యాసము.

నోటిలో ప్రాణులు నివసించునని మొట్టమొదట కన్నులార చూచినవాడు హాలెండు దేశపు డెల్ఫ్టు పట్టణములోని బట్టల వర్తకుడు. అతని పేరు లీవెన్‌హుక్. అతడు తన చేతితో అరగదీసిన చిన్న గాజుకటకములను ఉపయోగించి, తన పండ్లపై పేరుకొనిన పాచిని పరీక్షించి, అందులో కదలుచున్న అతిసూక్ష్మప్రాణులను 1683లో లేఖ వ్రాసి లోకమునకు తెలిపెను. నేడు మనము బాక్టీరియా యనునవి అవియే. మీ నోటను, నా నోటను, ఈ సభాస్థలము బయట నెమరువేయుచున్న ఆవు నోటను అవి కోట్లకొలది ఉన్నవి. ఉన్నంతమాత్రమున రోగము కాదు. చర్మము, చిగుళ్లు, కండ ఆరోగ్యముగా నున్నంతకాలము అవి మన యింటి వసారాలో కాపురమున్నవారివంటివి. గోడ కూలిననాడే లోపలికి వచ్చును. ఈ మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. తిరిగి దీనికడకే వచ్చెదను.

ఇక పాము నోటి సంగతి. పాము నమలి తినదు; ఆహారమును సమూలముగా మ్రింగును. ఎలుకను పట్టినప్పుడు ఆ ఎలుక ప్రాణభీతిచేత మలమూత్రములను విడుచును. అది పాము నోటనే పడును. అందువలన ఎలుక ప్రేగులలో ఉండవలసిన సూక్ష్మజీవులు పాము నోటిలో కనబడుచున్నవి. శాస్త్రజ్ఞులు పాముల నోళ్లను మెత్తని దూదిపుల్లలతో తుడిచి, ఆ తడిని పోషకద్రవ్యములపై పెంచి చూచిరి. మోర్గనెల్లా, ప్రోటియస్, ఎయిరోమోనాస్, సూడోమోనాస్, ఎంటెరోకాకస్ మొదలైనవి, ప్రాణవాయువు తగులనిచోట పెరుగు క్లాస్ట్రీడియం జాతులు పదే పదే బయటపడినవి. ఈ పేర్లను మీరు కంఠస్థము చేయనక్కరలేదు. వీనిలో కొన్ని ప్రేగులకు, కొన్ని నీటికి, కొన్ని మట్టికి చెందినవని తెలిసిన చాలును. అనగా పాము నోరు అది తిరుగు పొలమునకును, అది తిను ఎలుకకును అద్దమువంటిది.

ఒక పాము నోరువలె మరియొక పాము నోరుండదు. హాంగ్‌కాంగ్‌లో నాగుపాముల నోళ్లను, వెదురుపొదలలో తిరుగు ఆకుపచ్చని పింజరుల నోళ్లను పరీక్షించి 2009లో ఫలితములను ప్రకటించిరి. నాగుపాముల నోటనే వ్యాధికారకములు హెచ్చుగా నుండెను. నాగుపాము కాటు శ్వాసను స్తంభింపజేయుట యొక్కటియే కాక కరచినచోట కండను చంపును. ఆ చచ్చిన కండలో ఈ సూక్ష్మజీవులకు చోటు దొరకును.

ఇచట ఒక వింత గలదు. పాము విషమునకు సూక్ష్మజీవులను చంపు శక్తి కొంత ఉన్నది. విషమునకు పసుపుపచ్చ రంగు నిచ్చు ఒక ఎంజైము ఈ పని చేయుచున్నదని ప్రయోగశాలలలో తేలినది. మరి అట్టి విషము స్రవించు నోటిలో సూక్ష్మజీవులెట్లు బ్రదుకుచున్నవి? ఆఫ్రికా ఖండమునందలి నల్లమెడ నాగుపాము విషములో ఎంటెరోకాకస్ జాతి బాక్టీరియా విషమును తట్టుకొను విధముగా మార్పు చెందియున్నదని 2022లో ప్రచురితమైన పరిశోధన తెలిపెను. వేపచెట్టుమీద పుట్టిన పురుగునకు చేదు తెలియనట్లే యని మన పెద్దలైనచో చెప్పియుందురు.

ఇంతవరకు స్వేచ్ఛగా తిరుగు పాములకును బంధింపబడిన పాములకును సామాన్యమైన విషయములు చెప్పితిని. ఇక బంధింపబడిన పాము సంగతి వేరుగా చెప్పవలెను.

పాము శీతలరక్తజంతువు. మనకువలె దానికి లోపల కుంపటి లేదు. ఉదయమున ఎండకు వచ్చి ఒడలు వెచ్చజేసికొనును. మధ్యాహ్నము పుట్టలోనికి పోయి చల్లబరచుకొనును. దాని రోగనిరోధకశక్తి ఈ వెచ్చదనముపైననే ఆధారపడియున్నది. దానిని తెచ్చి బుట్టలోనో పెట్టెలోనో మూసినచో ఎండయు నీడయు ఎన్నుకొను స్వాతంత్ర్యము పోవును. అది బయటపడవలెనని ముట్టెను గోడకేసి రాచుకొనును; అద్దమును కాటువేయును; పెదవులు చిట్లును. తన మలములోనే తాను చుట్టుకొని పడియుండును. భయముచేత ఆహారము మానును. అప్పుడు ఇన్నాళ్లు వసారాలో నున్న సూక్ష్మజీవులు లోపలికి వచ్చును. చిగుళ్లు ఎఱ్ఱబడును, రక్తపు చుక్కలు పొడచూపును, జిగురు కారును. మనుష్యుల చీమువలె పాము చీము జారుగా నుండదు. జున్నుముక్కవలె గట్టిపడి పండ్లచుట్టు పేరుకొనును. నోరు మూతపడదు. ఉపేక్షించినచో దవడ యెముకకును, ఊపిరితిత్తులకును ప్రాకి పామును చంపును. దీనినే నోటికుళ్లు రోగమని జంతువైద్యులు పిలుచుచున్నారు. జంతుప్రదర్శనశాలలలో పాములను పోషించువారికి ఇది చిరపరిచితమైన రోగము. తగినంత వెచ్చదనము, శుభ్రత, దాగుటకు చోటు కల్పించినచో చాలవరకు రాకుండ చేయవచ్చును.

సోదరులారా, మనకు తెలిసిన బంధింపబడిన పాము జంతుప్రదర్శనశాలలోనిది కాదు, వెదురుబుట్టలోనిది. నాగస్వరమూది పామునాడించువాడు వీథిలోనికి వచ్చినప్పుడు మనమందరము పిల్లలను చంకనెత్తుకొని పోయి చూచినవారమే. ఆ పాము ఎందుకు కరవలేదో మనము విచారింపలేదు. దాని కోరలను పెరికివేసియుందురు; కొన్నింటికి నోటిని దారముతో కుట్టివేయుట కూడ కలదు. పెరికినచోట పచ్చిపుండు ఏర్పడును. ఆ పుండులోనే నేను చెప్పిన సూక్ష్మజీవులు కాపురము పెట్టును. పడగవిప్పి ఆడుచున్నదని మనము సంతోషించునప్పుడు ఆ నోరు లోపల కుళ్లుచుండును.

మరియొక సంగతి. కోర పెరికిన పాము నిరపాయకరమని యెంచుట పొరపాటు. పామునకు ప్రతి కోర వెనుకను మారుకోరలు సిద్ధముగా నుండును. కొన్ని వారములలో క్రొత్తది వచ్చును. విషగ్రంథి యథాతథముగా ఉండును. కావున అట్టి పాము కరచినచో విషమునకు విషమును, కుళ్లిన నోటి సూక్ష్మజీవులును రెండును కలసి ఎక్కవచ్చును.

నాగులచవితికిని, నాగపంచమికిని పాలు పోయు ఆచారమును గూర్చి కూడ భయభక్తులతో ఒక మాట చెప్పెదను. పుట్టకు మ్రొక్కుటయందు నాకు ఆక్షేపణ లేదు. పొలములోని ప్రాణిని దైవముగా నెంచిన మన పూర్వుల హృదయము గొప్పది. కాని పాము పాలు త్రాగు జంతువు కాదు. బుట్టలోని పామునకు దినములతరబడి నీరీయక మాడ్చినచో, దాహముచేత ఏ ద్రవమునైనను త్రాగును. ఆ పాలు అరుగవు, ఊపిరితిత్తులలోనికి పోవచ్చును, పుండుపడిన నోటిలో మిగిలిన పాలు సూక్ష్మజీవులకు విందు. మనము పుణ్యమని చేయునది ఆ ప్రాణికి మరణశాసనమగుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పాములను ఇట్లు పట్టి ఉంచుటను నిషేధించినది.

అట్లని పాములవారిని నిందించుట నా యుద్దేశము కాదు. వారు నిరుపేదలు, వారి విద్య తరతరములది. ఆ విద్యను మేలునకు మరల్చిన ఉదాహరణ మన పొరుగుననే ఉన్నది. మద్రాసు సమీపమున మహాబలిపురము పోవు త్రోవలో వడనెమ్మేలి యను గ్రామము కలదు. అడవిలో పాములను పట్టి చర్మములమ్మి జీవించిన ఇరుళజాతివారు, చర్మవ్యాపారము నిషిద్ధమైన పిమ్మట, 1978లో ఒక సహకారసంఘమును స్థాపించుకొనిరి. వారు అటవీశాఖ అనుమతితో పాములను పట్టి, మట్టికుండలలో కొద్ది వారములు మాత్రముంచి, కొన్నిమారులు విషము తీసి, పొట్టక్రింది పొలుసుపై గుర్తు పెట్టి, తిరిగి అడవిలో విడుతురు. ఆ విషముతోనే గుఱ్ఱముల సహాయమున విరుగుడు మందు తయారగుచున్నది. పామునకు కోర పోదు, మనిషికి కూడు పోదు, కాటు తినినవానికి ప్రాణము పోదు. చెఱ యొక్కటియే, ఉద్దేశమునుబట్టి ఫలము మారినది.

ఇక మా చిన్నాన్నగారి కాలికి తిరిగి వచ్చెదను. బ్రెజిలు దేశమున సావో పావ్లో నగరమునందు బుటాంటాన్ యను సంస్థ 1901లో వెలసినది. అచ్చటి పింజరుల కాటు తినినవారికి గాయమువద్ద చీముగడ్డలు లేచుట చూచి, వైద్యులు ఆ చీమును పరీక్షించిరి. అందు తరచుగా కనబడినది మోర్గనెల్లా. అదే సూక్ష్మజీవి ఆ జాతి పాముల నోటిలోను ఉన్నది. దొంగ అడుగుజాడలు ఇంటికి చేరినట్లయినది.

అట్లయినచో కాటు పడిన ప్రతివానికిని సూక్ష్మజీవులను చంపు మందు ముందుగానే ఈయరాదా యని మీరడుగవచ్చును. ఆ వైద్యులును అట్లే తలచిరి. 251 మంది రోగులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు నిజమైన మందును, రెండవ వర్గమునకు మందువలె కనబడు ఉత్త గుళికలను ఇచ్చి పరీక్షించిరి. రెండు వర్గములలోను చీముగడ్డలు ఇంచుమించు సమానముగానే లేచినవి. ఈ ఫలితము 2004లో ప్రకటితమైనది. కాబట్టి సూక్ష్మజీవి పాము నోటినుండి వచ్చినను, పడిన ప్రతిచోటను మొలకెత్తదు. కండ చచ్చినచోట, గాయము కోతలతో చిందరవందరయైనచోట మాత్రమే మొలకెత్తును. అట్టి గాయమునకే వైద్యుడు ఆ మందు నిర్ణయించును. మందుల దుకాణములో మనంతట మనము కొని మ్రింగుటవలన ప్రయోజనము లేదు.

ఇప్పుడు లెక్క తేలినది. విషము వేరు, సూక్ష్మజీవి వేరు. విరుగుడు మందు విషమును పట్టుకొనును, సూక్ష్మజీవిని తాకదు. సూక్ష్మజీవిని చంపు మందు విషమును తాకదు. మా చిన్నాన్నగారి కాలిలో రక్తపింజర విషము కొంత కండను చంపినది. బిగించిన కట్టు రక్తప్రసారమును ఆపి మరికొంత చంపినది. బ్లేడు తలుపులు తెరచినది. పీల్చిన నోటినుండి మనుష్యుల సూక్ష్మజీవులు, ఆకుముద్దనుండి మట్టిలోని సూక్ష్మజీవులు లోనికి పోయినవి. పాము వేసినవి రెండు గాట్లు. మనము తెరచినవి పది ద్వారములు. బుట్టలో పాము నోరు కుళ్లుటకును, మంచముమీద మనిషి కాలు కుళ్లుటకును కారణమొక్కటియే: బ్రదికియున్న కండను మన చేతులతో గాయపరచి సూక్ష్మజీవులకు అప్పగించుట.

ఈ సందర్భమున మన తీరమునకు చెందిన ఒక ప్రాతకథ గుర్తునకు వచ్చుచున్నది. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1780 తరువాతి సంవత్సరములలో విశాఖపట్టణమున నివసించి, మన ప్రాంతపు పాములను సేకరించి, వాని తెలుగు పేర్లను అడిగి వ్రాసికొని, 1796లో ఒక గొప్ప గ్రంథమును ప్రచురించెను. రక్తపింజరను ఆనాటి మనవారు "కాటుక రేకుల పొడ" యని చెప్పిరట. నేడు ప్రపంచమంతయు ఆ పామును రస్సెల్ పేరుతో పిలుచుచున్నది. ఏ పాము విషము కలది, ఏది లేనిది యని తెలిసికొన్నచో ప్రాణములు దక్కునని అతడు నమ్మెను. తెలిసినవారిని అడుగుట, చూచినది వ్రాయుట, వ్రాసినది పదుగురికి పంచుట — గ్రంథాలయము చేయు పనియు ఇదియే గదా.

కావున ఈ గ్రంథాలయ చదువరులకు నా విన్నపము. పాము కరచినప్పుడు కోయవలదు, పీల్చవలదు, బిగించి కట్టవలదు, పసరు పోయవలదు, గాయమును రుద్దవలదు. ఉంగరములు, కడియములు, గాజులు వెంటనే తీసివేయుడు. వాపు వచ్చిన పిదప అవి కోతలగును. కరచిన కాలినో చేతినో ఎముక విరిగినప్పుడువలె కఱ్ఱబద్దతో కదలకుండ నిలుపుడు. రోగిని నడిపింపకుడు, ధైర్యము చెప్పుడు. 108 నంబరునకు ఫోను చేసియైనను, దొరికిన బండిలోనైనను విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చుడు. కట్లపాము కాటునకు నొప్పియు వాపును ఉండకపోవచ్చును. ఏమియు లేదని ఇంట కూర్చుండవలదు. ధనుర్వాతపు సూదిమందును గూర్చి వైద్యుని అడుగుడు. ఇంటికి వచ్చిన పిమ్మట కూడ పది దినములు గాయమును కనిపెట్టుడు. మొదటి గంటలలోని వాపు చాలవరకు విషముది. కొన్ని దినముల పిదప వచ్చు జ్వరము, చీము, దుర్గంధము సూక్ష్మజీవులవి. అవి కనబడినచో సిగ్గుపడక తిరిగి ఆసుపత్రికి పొండు.

పామును ఆడించువాడు ఊరిలోనికి వచ్చినప్పుడు పిల్లలచేత దానిని ముట్టింపకుడు. పాముల ప్రేగులలో సాల్మొనెల్లా యను మరియొక సూక్ష్మజీవి ఉండుట సాధారణము. ముట్టిన చేతితో అన్నము తినినచో విరేచనములు, జ్వరము రావచ్చును.

చివరిగా ఒక చిన్న కోరిక. ఈ గ్రంథాలయపు ద్వారము ప్రక్కన ఒక పలకను వ్రేలాడదీయుడు. మన ఊరికి దగ్గరగా విరుగుడు మందు సిద్ధముగానున్న ఆసుపత్రి యేది, ఎంత దూరము, రాత్రివేళ తెరచియుండునా, అను మూడు సంగతులు దానిపై పెద్ద అక్షరములతో వ్రాయుడు. ప్రతి తొలకరికి ముందు ఎవరైనను పోయి విచారించి, ఆ వ్రాతను సరిచేయుడు. చదువు రానివారికి చదువు వచ్చినవారు చదివి వినిపింపుడు. మా చిన్నాన్నగారి కాలమున అట్టి పలక మా ఊర లేదు, గ్రంథాలయమును లేదు. మీకు గ్రంథాలయమున్నది. మీ పిల్లలలో ఒక్కరి కాలైనను ఆ పలకవలన నిలిచినచో, ఈ రజతోత్సవము సార్థకమైనదని నేను భావింతును.